బ్రహ్మా ఉస్తాద్ చేసిన అప్పగింతలు

ఖుర్సీపార్‌లో పరబ్రహ్మం ఇల్లెక్కడని అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపేస్తారు. బ్రహ్మా ఉస్తాద్ ఇల్లని అడిగితే మాత్రం పాన్ డబ్బా అతను కూడా కొట్టు వదిలిపెట్టి మలుపు దాకా వచ్చి చూపిస్తాడు. పేరుకు తగ్గ విగ్రహమేమీ కాదు మనిషి. పొట్టిగా, నల్లగా ఉంటాడు. భుజాలు మాత్రం ఇంకెవరో పొడుగాటి మనిషివి తెచ్చి అతికించినట్టుంటాయి. మాట నెమ్మది, నడక ఇంకా నెమ్మది. భార్య మాటకు ఎదురు చెప్పగా విన్నవాళ్ళు లేరు.

ఖుర్సీపార్ పక్కనే ఉన్న ఉక్కు కర్మాగారంలో అతను ఖలాసీ. మోటారు చెడినా, పైపు మార్చాలన్నా దాన్ని గొలుసులతో, తాళ్ళతో కట్టి నలభై యాభై అడుగుల పైకి చేర్చాలి. ఆ ఎత్తున ఇనుప దూలాల మీద నిలబడి దాన్ని ఉండాల్సిన చోట కూర్చోబెట్టాలి. అదీ ఖలాసీల పని. నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి అరవై ఆరులో మేనమామ చేయి పట్టుకుని వచ్చి ఆ పనిలో చేరాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు నలభై మంది దాటారు. తెలుగువాళ్ళు, ఛత్తీస్‌గఢీలు, బీహారీలు, ఒరియావాళ్ళు అందరూ ఉన్నారు అందులో. వాళ్ళలో ఒక్కరూ కింద పడలేదు. పరబ్రహ్మానికి ఈ లోకంలో గర్వమంటూ ఉంటే అదొక్కటే, అది కూడా పైకి కనబడనిచ్చేవాడు కాదు.

వాళ్ళ గ్యాంగులో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాడు మొదటి వారం గొలుసు ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ ఉండాలి, అంతే. ఏడో రోజున వాడి ఇంటి నుంచి గ్యాంగు మొత్తానికి భోజనం రావాలి. పెళ్ళాం ఉంటే పెళ్ళాం వండుతుంది, లేకపోతే తల్లి వండుతుంది, ఎవరూ లేనివాడు తానే కిరసనాయిలు స్టవ్ మీద ఏదో ఒకటి ఉడకేసుకుని తెస్తాడు. ఉస్తాద్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఇకమీదట ఈ మనిషికి ఏం జరిగినా నన్నడగండి అని అందరూ వినేట్టు అంటాడు. ఆ తర్వాతే మిగిలినవాళ్ళు విస్తట్లో చెయ్యి పెట్టాలి. ఆడపిల్లని అత్తవారికి అప్పజెప్పినట్టుంది అని ఎవరో పాతకాలం తెలుగువాడు ఎగతాళి చేశాడట. దానికి అప్పగింతలు అనే పేరే స్థిరపడిపోయింది. తెలుగు ముక్క రాని బీహారీలు కూడా కొత్తవాడు చేరగానే, అప్పగింతల్ కబ్ హై భాయ్ అని, ఎప్పుడెప్పుడా అన్నట్టు గారెల కోసం లొట్టలేస్తూ అడుగుతారు.

ఇదంతా ఎందుకు చెప్పడమంటే, తొంభై నాలుగు ఆగస్టులో పరబ్రహ్మం చేసిన పొరపాటుకు మూలం ఇక్కడే ఉంది.

ఆ ఏడు అతని కూతురు రజనీకుమారికి ఇంజినీరింగు సీటొచ్చింది. మెకానికల్. దుర్గ్ వైపు, నెహ్రూ నగర్ దాటి వెళ్ళాలి కాలేజీకి. అరవై మంది క్లాసులో ఆడపిల్ల తనొక్కతే. చుట్టాలు పెదవి విరిచారు, ఆడపిల్లకి కంప్యూటరో మరోటో దొరక్కపోయిందా అన్నారు. ఆ పిల్ల పదేళ్ళ వయసులోనే ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పి మళ్ళీ బిగించిన ఘటం. బిగించాక రెండు స్క్రూలు మిగిలిపోయాయి గానీ ఫ్యాను తిరిగింది. పరబ్రహ్మం ఆ రెండు స్క్రూలనూ జేబులో వేసుకెళ్ళి గ్యాంగు మొత్తానికి చూపించి వచ్చాడు.

కాలేజీ తెరిచే ముందురోజు కూతురిని కూర్చోబెట్టి అతను చెప్పిన హితబోధ ఇది. మొదటి వారం ఏదీ ముట్టుకోవద్దు. కళ్ళతో చూడు. నిన్ను ఎవరికి అప్పజెప్పారో వాళ్ళ మాట విను. రజని అన్నింటికీ ఠీక్ హై నాన్నా అంది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది.

ప్లాంటులో కొత్తవాడి మొదటి వారం ఎలా ఉంటుందో పరబ్రహ్మానికి కంఠతా వచ్చు. హెల్మెట్ ఇస్తారు, బూట్లిస్తారు, గేట్ పాస్ ఇస్తారు, ఎక్కడ నిలబడితే చస్తావో ఒక రోజంతా చెబుతారు, తర్వాత ఒక ఉస్తాద్ చేతిలో పెడతారు. కాలేజీ అంటే ఇంకా పెద్ద చదువులు గదా, ఇంకా పకడ్బందీగా ఉంటుందనుకున్నాడు పాపం. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి సైకిలు గోడకు ఆనించగానే, ఈరోజు ఏం నేర్పారని అడిగేవాడు. సోమవారం ఏమీ నేర్పలేదు. ప్రిన్సిపాలుగారు రెండు గంటలు మాట్లాడారు, అందులో గంటసేపు మైకు పనిచెయ్యలేదు. టైమ్ టేబుల్లో రాసిన గది మూడో అంతస్తులో ఉంది, ఆ అంతస్తు ఇంకా కట్టలేదు. మంగళవారం గుర్తింపు కార్డు ఫోటో కోసం లైన్లో నిలబెట్టారు, రజని వంతు వచ్చేసరికి ఫోటోగ్రాఫర్ భోజనానికి వెళ్ళిపోయాడు. బుధవారం ఒక మాస్టారు వచ్చారు. బోర్డు మీద తన పేరు రాశారు, పుస్తకాల పేర్లు రాశారు, అవి మార్కెట్లో దొరకవని చెప్పి వెళ్ళిపోయారు.

మూడు రోజులూ పరబ్రహ్మం చివర్లో ఒకే ప్రశ్న వేశాడు, నిన్ను ఎవరికి అప్పజెప్పారని. ఎవరికీ లేదు నాన్నా అనేది ఆ పిల్ల. అతనికి అన్నం సహించలేదు. అరవై మంది పిల్లల్ని అలా గాలికి వదిలేస్తే, రేపు ఎవరికైనా ఏదైనా అయితే పిలిచి అడగడానికి ఒక మనిషి ఉండడా అని జోగమ్మ దగ్గర గొణిగాడు. జోగమ్మ అతని భార్య. అది ప్లాంటు కాదు, కాలేజీ, అక్కడ నెత్తిన ఇనుము పడదు అందావిడ.

పిల్ల వాలకం మాత్రం అతను గమనిస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ ఒంటిజడ వేసుకునేది, ఇప్పుడు నూనె కారేలా రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టుకుంటోంది. చేతి గడియారం ఇంట్లో వదిలేసి వెళ్తోంది. గురువారం సాయంత్రం మోకాళ్ళ దగ్గర సల్వార్ మట్టి కొట్టుకుపోయి వచ్చింది. ఏమిటని అడిగితే వరండా కొలిచామంది. దేనితో కొలిచారంటే అగ్గిపుల్లతో అంది. నూటపదిహేను అడుగుల వరండాని అగ్గిపుల్లతో నేల మీద పాకుతూ కొలవమన్నారట సీనియర్లు. తమకంటే రెండేళ్ళు ముందు చేరినవాళ్ళని సీనియర్లంటారని, వాళ్ళే కొత్తవాళ్ళకి అన్నీ చెబుతారని ఆ పిల్ల పొడిపొడిగా వివరించింది. పరబ్రహ్మం ముఖం వెలిగిపోయింది. కొలత నేర్పుతున్నారన్నమాట, పని మొదలయిందన్నమాట.

“అయితే ఆళ్ళే ఉస్తాదులన్నమాట,” అన్నాడు.

రజని అలసిపోయి ఉంది. “అలాంటిదే అనుకో నాన్నా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క ముక్క చాలు అతనికి. మర్నాడు జోగమ్మ నెమ్మదిగా కబురు చెప్పింది, పిల్ల ఇంజినీరింగు మానేసి ఆడపిల్లల కాలేజీలో బీఎస్సీలో చేరతానంటోందని. ఎందుకని అడిగితే చెప్పదు. పరబ్రహ్మం ఆలోచించాడు. గ్యాంగులో కొత్తవాడు నాలుగో రోజునో అయిదో రోజునో పారిపోతానన్నాడంటే కారణం ఒకటే ఉంటుంది, వాడికి తన మనిషంటూ ఎవరూ ఇంకా ఏర్పడలేదని అర్థం. దానికి మందు అతనికి తెలుసు. అప్పగింతలు జరిపించాలి.

జోగమ్మకి అనుమానమే. “కాలేజీలో ఇలాటివుంటాయేటి?” అని అడిగింది.

మనుషులున్న చోటల్లా ఉంటాయని చెప్పి, ఏడో రోజు ఆదివారం పడుతుంది గనక అతను శనివారానికే సెలవు పెట్టాడు. కూతురి అన్నప్రాశనకి పెట్టాక మళ్ళీ ఇదే. పొద్దున్నే జోగమ్మ పులిహోర కలిపింది, గారెలు వేసింది, బూరెలు వేసింది. గ్యాంగులో కొత్తవాడు చేరాడని రజనికి చెప్పారు. ఆ పిల్ల ఒక గారె చేతిలో పట్టుకుని బస్సుకి పరుగెత్తింది. ఆ వెనకే పరబ్రహ్మం పెళ్ళిళ్ళకి వేసుకునే తెల్ల టెర్లిన్ చొక్కా తొడుక్కుని, వేరే జోళ్ళు లేవు గనక ప్లాంటు బూట్లకే పాలిష్ పెట్టుకుని, రెండు పెద్ద టిఫిన్ క్యారియర్లతో పవర్ హౌస్ స్టాపు దగ్గర టెంపో ఎక్కాడు. సుపేలా దాటాక టెంపోలో జనం ఒత్తిడికి ఒక క్యారియర్ మూత ఊడి పులిహోర వాసన గుప్పుమంది. ఎక్కడ పెళ్ళి అని పక్కాయన అడిగాడు. పెళ్ళి కాదు, అమ్మాయి చదువు అన్నాడు పరబ్రహ్మం.

కాలేజీలో మెకానికల్ సీనియర్లు ఎవరని అడుగుతూ వెళ్తే క్యాంటీన్ వెనక చూపించారు. ఎనిమిది తొమ్మిది మంది కుర్రాళ్ళు స్కూటర్ల మీద కూర్చుని ఉన్నారు. అందరిలోకీ పెద్దరికంగా కనబడినవాడు మనోజ్‌కుమార్ అని మూడో ఏడాది వాడు. మీసం ఇంకా పూర్తిగా రాలేదు గానీ దాన్ని దువ్వుతున్నాడు. నేను రజనీకుమారి తండ్రినని పరబ్రహ్మం చెప్పగానే అందరూ గబుక్కున దిగి నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో రక్తం లేదు. ఆ భయం ఎందుకో పరబ్రహ్మానికి అర్థం కాలేదు. పెద్దవాళ్ళంటే మర్యాద తెలిసిన పిల్లలనుకుని మురిసిపోయాడు.

సిమెంటు అరుగు మీద పేపరు పరిచి క్యారియర్లు విప్పాడు. చేతులు జోడించి, తనకు వచ్చిన హిందీలో, వాళ్ళ గ్యాంగులో ఈ పద్ధతి ఎలా జరుగుతుందో మొదటినుంచీ చెప్పాడు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఎంతో శ్రద్ధగా చెప్పాడు. నా కూతుర్ని మీకు అప్పజెబుతున్నాను, ఇకమీదట తను పడితే మిమ్మల్నే అడుగుతాను బాబూ అన్నాడు. కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రమాదం తప్పిందని తెలిశాక వాళ్ళకి ఆకలి గుర్తొచ్చింది. మొదటి ముద్ద మీరే తినాలని పరబ్రహ్మం బతిమాలితే మనోజ్‌కుమార్ ఒక బూరె కొరికాడు, పాకం చొక్కా మీద కారింది. అనాల్సిన మాట కూడా అన్నాడు. చింతా మత్ కరో అంకుల్, ఆజ్ సే హమ్ ఉస్తాద్ అన్నాడు, ఈరోజు నుంచి మేమే ఉస్తాదులమని. పది నిమిషాల్లో రెండు క్యారియర్లూ ఖాళీ అయిపోయాయి. కూతురు డ్రాయింగు క్లాసులో ఉందని తెలిసి, పాఠం చెడగొట్టడం ఎందుకని పలకరించకుండానే తిరిగొచ్చేశాడు. దారి పొడుగునా అతని మనసు తేలిగ్గా ఉంది.

సాయంత్రం రజని వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు. ఆదివారం పొద్దున జోగమ్మ ఆ పిల్ల నోటి నుంచి నాలుగు ముక్కలు రాబట్టి, కుళాయి దగ్గర బిందె నింపుతూ మొగుడికి చెప్పింది. సీనియర్లంటే ఉస్తాదులు కారు. వారం రోజులుగా కొత్తపిల్లల్ని వరుసలో నిలబెట్టి, సలాములు కొట్టించుకుని, పాటలు పాడించి, డాన్సులు చేయించి ఏడిపిస్తున్నది వాళ్ళే. రెండు జడలూ వాళ్ళ ఆజ్ఞే, గడియారం పెట్టుకోకూడదన్నదీ వాళ్ళే, అగ్గిపుల్ల కొలత కూడా వేళాకోళమే. నెల తర్వాత పార్టీ ఇచ్చి కలిసిపోతారట గానీ అప్పటిదాకా ఇంతేనట. నిన్న మధ్యాహ్నం నుంచి రజని ఎదురుపడితే చాలు, ఉస్తాద్ కీ బేటీ, ఉస్తాద్ గారి కూతురు అంటూ కాలేజీ అంతా వంగి వంగి దండాలు పెడుతోంది.

“అడిగినాను గదా, కాలేజీలో ఇలాటివుంటాయేటని,” అంది జోగమ్మ. బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

పరబ్రహ్మం కుళాయి గట్టు మీద కూర్చుండిపోయాడు. నీళ్ళు పోతున్నా కట్టెయ్యలేదు. ఉస్తాద్ అన్న మాట మీదే అతను ఇన్నేళ్ళూ బతికాడు. జీతం పెరగనప్పుడు, ప్రమోషను తనకంటే చిన్నవాళ్ళకి పోయినప్పుడు కూడా ఆ మాట ఉంది కదా అని సర్దుకున్నాడు. ఇప్పుడు ఆ మాటే తన చేత్తో మోసుకెళ్ళి, బూరెలతో సహా, కూతురి నెత్తిన పెట్టి వచ్చాడు. అతనికి ఏడుపొచ్చింది. వీధి కుళాయి దగ్గర ఏడిస్తే బాగోదని ముఖం కడుక్కున్నాడు.

ఈ కబురు లైను ఇళ్ళలో ఎలా పొక్కిందో గానీ, పది గంటలకల్లా గ్యాంగువాళ్ళు నలుగురు వచ్చేశారు. రేపు పొద్దున పదిహేను మందిమి కాలేజీ గేటు దగ్గర ఊరికే నిలబడతాం ఉస్తాద్, ఎవర్నీ ఏమీ అనం, వాళ్ళే తెలుసుకుంటారు అన్నారు. పరబ్రహ్మం వద్దన్నాడు. వాళ్ళు రేపొక్కరోజు నిలబడతారు, ఆ పిల్ల అక్కడ నాలుగేళ్ళు నిలబడాలి. ఆ మాటే చెప్పి, టీ ఇచ్చి పంపించేశాడు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. రజని పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల జోగమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. పరబ్రహ్మం వెళ్ళి కూతురి పక్కన కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో తండ్రి కూతురికి క్షమాపణ చెప్పుకోవడం అంతకుముందు జరగలేదు, ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలీలేదు.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు చివరికి. “నీకు సెప్పకుండా వచ్చీసినాను. నన్ను సూసి ఆళ్ళు నవ్వినారని నీకు సిగ్గేసుంటాది.”

“అది కాదు నాన్నా.” రజని మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. “నవ్వితే నవ్వారు. నువ్వెలా వచ్చావో, చేతులెలా జోడించావో చేసి చూపించమన్నారు నన్ను. ఎవరూ కొట్టలేదు, ఏమీ లేదు. చెయ్యను అంటే అయిపోయేది. నేను చేశాను నాన్నా. నీ గొంతు కూడా పెట్టాను. అందరూ హస్ హస్ కే పడిపోయారు.” “అక్కడికి నేను మళ్ళీ వెళ్ళలేను.”

కూతురు తనని చూసి సిగ్గుపడిందనుకున్నాడు పరబ్రహ్మం అంతవరకూ. ఆ పిల్ల తనని తాను చూసుకుని సిగ్గుపడుతోంది. అదింకా కష్టమైన సంగతి, అందులోంచి ఒకర్ని బయటకి లాగడం ఎలాగో ఏ గ్యాంగులోనూ నేర్పరు.

“బాగా సేసినావా?” అని అడిగాడు.

“ఏంటి?”

“నా ఏసం. బాగా సేసినావా?”

రజని చేశానన్నట్టు తలూపింది. కాళ్ళు ఎడంగా పెట్టావా అని అడిగాడు. పెట్టానంది. మరే, నేను నిలబడేది అలాగేనన్నాడు. అప్పుడు ఆ పిల్ల నిజంగానే ఏడ్చింది. అతను ఆపమనలేదు.

ఏడుపు సద్దుమణిగాక అతను తన మొదటి వారం సంగతి చెప్పాడు. అది ఖుర్సీపార్‌లో అప్పటి గ్యాంగువాళ్ళకి తప్ప ఎవరికీ తెలీని కథ. అరవై ఆరులో చేరిన నాలుగో రోజున, ముట్టుకోవద్దన్నా వినకుండా, తానేదో మగాణ్ణని చూపించుకోవడానికి నలభై అడుగుల ఎత్తుకు నిచ్చెన ఎక్కేశాడు. దూలం మీదికి చేరి కిందికి చూశాడు, అంతే. రెండు చేతులతో, రెండు కాళ్ళతో ఆ దూలాన్ని కరుచుకుని ఉండిపోయాడు. ప్యాంటు తడిసిపోయింది. కింద గ్యాంగు గ్యాంగంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. అప్పటి ఉస్తాద్ బొబ్బిలి వైపు మనిషి, బలరాం అని. ఆయన మెల్లగా ఎక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. దిగమనలేదు, ధైర్యం చెప్పలేదు. నడుముకి కట్టుకొచ్చిన మూట విప్పి రొట్టె, ఉల్లిపాయ తిన్నాడు. పూర్తిగా తిని, చేతులు దులుపుకుని, పద అన్నాడు. ఇద్దరూ ఒక్కో మెట్టే దిగారు. ఆ తర్వాత ఏడాది పాటు టీ టైములో పరబ్రహ్మం దూలాన్ని ఎలా కరుచుకున్నాడో చేసి చూపించడమే గ్యాంగుకి వినోదం. ఎవరిచేతో ఎందుకని, కొన్నాళ్ళకి తానే స్తంభాన్ని కరుచుకుని చేసి చూపించేవాడు. అందరికంటే తానే బాగా చేసేవాడు.

“ఈ బయం ఎప్పుడు పోతాదని బలరాం ఉస్తాద్ని అడిగినాను,” అన్నాడు పరబ్రహ్మం. “పోయిన్రోజు నాకు సెప్పు, ఆ రోజు నుంచి నిన్ను పైకి ఎక్కనివ్వను అన్నాడాయన.”

“ఎప్పుడు పోయింది మరి?”

“పోలేదమ్మా.”

రజని తల తిప్పి చూసింది.

“ఎక్కిన పెతీసారీ ఏస్తాది. మొన్న శుక్రారం కూడా ఏసింది. కాళ్ళొణుకుతాయి, నోరెండిపోతాది. ఎవరికీ సెప్పలేదు. కింద కొత్తోళ్ళు నా మొకం సూసి ఎక్కుతారు గదా, సెపితే ఎలాగ? మీ అమ్మకీ సెప్పలేదు.”

లోపల బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది. జోగమ్మ చాట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడింది. పాతికేళ్ళ కాపురం. మొగుడికి భయమంటే ఏమిటో తెలీదని ఊళ్ళో అందరితో పాటు ఆవిడా నమ్మింది. టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ఒక్కరోజైనా జాగ్రత్త అన్న మాట అనకుండా పంపించింది. ఆవిడ చాటతోనే మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

“ఎల్తావో మానేస్తావో నీ ఇష్టం,” అన్నాడు పరబ్రహ్మం లేస్తూ. “బీఎస్సీ కూడా సదువే, ఎవరూ ఏటీ అనరు. బయం పోయాక ఎల్దామని మాత్రం కూకోకు.”

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను ఆ ఊసు ఎత్తలేదు. రజని రెండు సార్లు పప్పు వేయించుకుంది, అది మాత్రం చూశాడు.

సోమవారం పొద్దున అతను డ్యూటీకి తయారయ్యేసరికి ఆ పిల్ల దుప్పటి ముసుగులోనే ఉంది. లేపలేదు. జోగమ్మ ఎన్నడూ లేనిది సైకిలు వెనకాలే గేటు దాకా వచ్చింది. జాగ్రత్త అంది. ఆ ఒక్క మాటకే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగేనన్నాడు అతను. ఆ రోజు పైన పని పడింది. బెల్టు కొక్కెం రెండు సార్లు లాగి చూసుకుని ఎక్కాడు. పైనుంచి చూస్తే దూరంగా రోడ్డు మీద బస్సులు కనబడతాయి. ఏ బస్సు ఎటు వెళ్తోందో అంత దూరం నుంచి తెలీదు. అయినా చూశాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. జోగమ్మ పక్కింటికి వెళ్ళినట్టుంది. మరి పిల్ల కూడా ఆవిడతో వెళ్ళిందో, కాలేజీకే వెళ్ళిందో తెలీలేదు. పక్కింటికి వెళ్ళి అడగొచ్చు. అడగబుద్ధి కాలేదు. సైకిలు గోడకు ఆనించి గుమ్మంలో కూర్చున్నాడు. బూట్లు విప్పుకున్నాడు. మేజోళ్ళు విప్పుకున్నాడు. అయిదున్నర దాటింది. కాలేజీ బస్సు వచ్చే వేళ కూడా దాటిపోయింది.

అప్పుడు మలుపులో రజని కనబడింది. రెండు జడలూ ఊగుతున్నాయి, చంకలో డ్రాయింగు షీట్ల చుట్ట ఉంది. వచ్చి బ్యాగు దించి అతని పక్కనే మెట్టు మీద కూలబడింది. చెమట కంపు కొడుతోంది, ముఖం పీక్కుపోయింది. ఎప్పటిలాగే ఏం నేర్పారని అడగబోయి మానుకుని, ఏటయిందని అడిగాడు పరబ్రహ్మం.

బస్సులో అందరి ముందూ నిలబెట్టారంది. మనోజ్ భయ్యా మళ్ళీ నీ వేషం వెయ్యమన్నాడు, వెయ్యనన్నానంది. అతనికి కోపం వచ్చిందట. అయితే దిగేదాకా ఒంటికాలి మీద నిలబడి పాట పాడమన్నాడట. సుపేలా నుంచి కాలేజీ దాకా పాడిందట.

“బయమేసిందా?” అని అడిగాడు.

“వేసింది. వెయ్యను అన్నప్పుడు ఇంకా ఎక్కువ వేసింది. కాళ్ళు వణికాయి నాన్నా, ఒక కాలే కదా, ఇంకా బాగా కనబడింది అందరికీ.”

అతను కూతురి బ్యాగు మీద పడ్డ మట్టి అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. రేపటి సంగతి అడగాలని ఉంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని నోరు రాలేదు. రజనే చెప్పులు విప్పి, లేచి, జడలకున్న రిబ్బన్లు ఊడదీసుకుంటూ అంది.

“రేపు వర్క్‌షాప్ మొదలవుతుంది. ఎనిమిదికల్లా ఉండాలంట. నన్ను తొందరగా లేపు నాన్నా.”

లేపుతానన్నాడు పరబ్రహ్మం, విప్పిన బూట్లు తీసి కూతురి చెప్పుల పక్కన పెడుతూ.